ఇంటిపెద్ద పాస్‌వర్డ్

గల్ఫ్ కార్మికుల సంఘంవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చింది నేను గొప్ప తెలివైనదాన్నని కాదు. కోరుట్ల బస్టాండు చుట్టుపక్కల కరెంటు పోయినా నాలుగు గంటలు నడిచే కంప్యూటరు నా నెట్ సెంటర్లోనే ఉందని. ఆ మాట సంఘం నడిపే అమీనుద్దీన్ సార్ నా మొహం మీదే చెప్పారు. జగిత్యాలలో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, మాట దాచుకునే అలవాటు లేదు. నాకూ లేదు కాబట్టి మాకు మొదటిరోజే కుదిరింది.

అది 2007 ఎండాకాలం. వీసా గడువు దాటి దొంగచాటుగా బతుకుతున్నవాళ్ళు జరిమానా, జైలు లేకుండా ఔట్‌పాస్ అనే కాగితం తీసుకుని తమ దేశానికి వెళ్ళిపోవచ్చని దుబాయ్‌లో మూడు నెలలు గడువిచ్చారు. మా వైపు ఏ గల్లీకి పోయినా అలాంటివాళ్ళ ఇళ్ళు రెండు మూడు ఉండేవి. ఏజెంటు విజిట్ వీసా మీద పంపితే అక్కడే చిక్కుకుపోయినవాళ్ళు, కంపెనీలో జీతాల్లేక క్యాంపు నుంచి పారిపోయినవాళ్ళు. వాళ్ళు ఎక్కడున్నారో ఇంట్లో తెలియదు, ఇంట్లో ఏమనుకుంటున్నారో వాళ్ళకు తెలియదు. అమీనుద్దీన్ సార్ కొడుకు ఖలీల్‌కు దుబాయ్‌లో టైపింగ్ సెంటర్ ఉంది. అర్జీలు, ఫారాలు టైపు చేసిచ్చే దుకాణం. శుక్రవారం సెలవు కాబట్టి మనవాళ్ళంతా అక్కడికి చేరేవారు. వాళ్ళు అక్కడ రాసింది ఇక్కడ ఇంటివాళ్ళు చదవాలి, ఇక్కడివాళ్ళు రాసింది అక్కడ చదవాలి, మధ్యలో మూడో కన్ను పడకూడదు. సంఘానికి కావలసిన వెబ్‌సైటు అది.

"పడగూడదంటే పడగూడదు బేటీ" అన్నారు సార్. "ఎవడు యాడ దాక్కున్నడో బయటపడితే వాని బతుకు పాయె."

నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుని, హైదరాబాదులోనే ఒక కంపెనీలో రెండేళ్ళు సర్వర్లు చూసుకున్నదాన్ని. కంపెనీ మూతపడితే మూటాముల్లె సర్దుకుని కోరుట్ల వచ్చి పడ్డాను. పిల్లలకు హాల్‌టికెట్లు ప్రింట్ చేసిస్తూ, నవనీతా నీ చదువింతేనా అని నన్ను నేనే దెప్పుకుంటున్న రోజులవి. ఈ పని వినగానే ప్రాణం లేచొచ్చింది.

తెలియనివాళ్ళకు నేను ఇలా చెప్పేదాన్ని. వెబ్ సర్వర్ అంటే వాకిట్లో నిలబడ్డ మనిషి. వచ్చినవాళ్ళను పలకరిస్తుంది, తయారుగా ఉన్న పేజీ ఉంటే తెచ్చిస్తుంది. కానీ ఫలానా బుగ్గారం గంగయ్య వచ్చాడు, అతనికి అతని కొడుకు రాసిందే చూపించాలి, అతను రాసింది భద్రంగా దాచాలి అంటే లోపల వంట చేసే మనిషి ఒకరుండాలి. దాన్ని సర్వ్‌లెట్ ఇంజన్ అంటారు. నేను పెట్టింది టామ్‌క్యాట్. ఊరికే దొరుకుతుంది, పాత కంప్యూటరులో కూడా సర్దుకుంటుంది, పేచీ పెట్టదు.

పెట్టడం ఒక పూట పని. కాపలా కట్టడానికి వారం పట్టింది. నమూనాకని దాంతోపాటు వచ్చే పేజీలన్నీ పీకేశాను. దూరం నుంచి ఇంజన్‌ను నడిపే పేజీ ఉంటుంది, అదీ తీసేశాను. ఇంజన్‌కు కంప్యూటరు మొత్తం మీద పెత్తనం ఇవ్వకుండా, దాని గది దాటి కాలు పెట్టలేని చిన్న ఖాతా కింద నడిపాను. ఇంజన్‌ను ఆపెయ్యడానికి ఒక మాట ఉంటుంది, అది లోకంలో అందరికీ తెలుసు. దాన్ని మార్చి మా అమ్మ నన్ను తిట్టే తిట్టు పెట్టాను. దారిలో ఎవరైనా దొంగిలించినా పిచ్చిగీతలే దొరికేలా రాతలన్నిటికీ గుప్తలిపి పెట్టాను. మావాళ్ళు నెట్ సెంటర్లో పని కాగానే తెరిచింది తెరిచినట్టే వదిలేసి లేచిపోతారు కదా, అందుకని పది నిమిషాలు చప్పుడు లేకపోతే దానంతటదే మూసుకుపోయేలా చేశాను. ఇంత చేసి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. అంత గర్వం.

ఇక మిగిలింది పాస్‌వర్డ్ ఎవరికివ్వాలి అన్నది. దానికి క్షణం కూడా ఆలోచించలేదు. ఫారం మీద మొదటి గీత "ఇంటిపెద్ద పేరు" అని కొట్టాను. ఇంటికొక పాస్‌వర్డ్, అది ఇంటిపెద్దకు. రేషన్ కార్డు అలాగే ఉంటుంది, పెళ్ళి పత్రిక అలాగే ఉంటుంది, నా చెయ్యీ అలాగే పోయింది. మూడువందల పైచిలుకు ఇళ్ళు చేరాయి. ఒక్కరూ ఇదేమిటని అడగలేదు.

ఆ చేరినవాళ్ళలో సిరిసిల్ల కరుణాకర్ ఒకడు. నలభై దాటిన మనిషి, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి చేసి చెవులు కొంచెం మందగించాయి. ఫారం రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టలేదు. తమ్ముడు రాకేశ్ దుబాయ్ పోయి ఏడాదిన్నర. పోయేముందు వాడు కూడా సాంచెలే నడిపేవాడని, అవి ఆగిపోతే పోయాడని చెప్పాడు. పాస్‌వర్డ్ రాసిచ్చిన చీటీని కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. మంచివాడే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆగస్టు నడిమిట్లో, గడువు ఇంకా ఇరవై రోజులుందనగా, ఒకామె వచ్చింది. పాతికేళ్ళుంటాయి. వేములవాడలో బస్సు మారి వచ్చానంది. పొగాకు వాసన, చూపుడువేలు కొసన బీడీలు చుట్టే వాళ్ళకుండే కాయ.

"అక్కా, నా పేరు భాగ్య. సిరిసిల్ల కరుణాకర్ లేడా, ఆయన మా బావ. రాకేశ్ నా మొగడు. గీడికి ఆయన ముచ్చట్లు అస్తయట గద. నాకు సూపియ్యవా?"

పాస్‌వర్డ్ మీ బావ పేరు మీద ఉంది, ఆయనను తీసుకురా అన్నాను.

"బావ అస్తే బావనే సూస్తడు. నాకేం జెప్తడు? ఆయన నాతోని మాట్లాడడు. మా అత్తతోని జెప్తడు, మా అత్త నాకు జెప్తది. మంచిగున్నడట అంటది. ఏడాదిన్నర సంది మంచిగనే ఉన్నడు."

మా వైపు చాలా ఇళ్ళలో అంతే. తమ్ముడి భార్యతో అన్న ఎదురుగా నిలబడి మాట్లాడడు, ఆమె కూడా అతని ముందుకు రాదు. అది కోపం కాదు, మర్యాద. రాకేశ్ ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసినా ఆ ఫోను కరుణాకర్ జేబులోనే మోగుతుంది, అతను బయటికి పోయి మాట్లాడి వస్తాడు.

"రూల్ రూలే భాగ్యా. ఒక్కరికి తెరిస్తే అందరికీ తెరవాలి" అన్నాను. చెప్పేటప్పుడు నా గొంతు బ్యాంకు మేనేజరు గొంతులా ఉందని నాకే తెలిసింది.

ఆమె వాదించలేదు. బస్సుకు ఇంకా టైముందని బెంచీ మీద కూర్చుంది. అరవకుండా, ఏడవకుండా, గోడకున్న ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. తిట్టి పోయినా బాగుండు. అలా కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఏం చేయాలో తోచదు. పోయేటప్పుడు "పోతున్న అక్కా" అని చెప్పి మరీ పోయింది.

రెండు రోజుల తర్వాత కరెంటు పగలంతా పోయి, కంప్యూటరు కూడా మధ్యలో ఆగిపోయింది. రాతలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఇంజన్ నడిపేవాళ్ళకు అన్ని గదుల తాళాలూ ఉంటాయి. వరసలు లెక్క సరిపోయిందా అని చూసి వదిలేయాలి, లోపల ఏముందో చదవకూడదు. ఆ నియమం రాసింది నేనే. రాకేశ్ పేరు కనబడింది. చదివాను. తప్పే, చదివాను.

రాకేశ్ మూడు శుక్రవారాలు రాశాడు. మొదటిసారి, గడువులోపల వచ్చెయ్యాలా అన్నా అని. రెండోసారి, అమ్మ ఏమంటున్నది, భాగ్య ఏమంటున్నది అని. మూడోసారి ఒక్కటే ముక్క: "భాగ్యకు నేను వచ్చుడు ఇష్టమేనా? ఉత్త చేతులతోని వస్త మరి."

కరుణాకర్ మూడింటికీ ఇంచుమించు ఇదే జవాబిచ్చాడు. "తమ్మీ, రాకు. సాంచెలు బందే ఉన్నయి. మన గల్లీల ఇంకొకడు ఉరిపెట్టుకున్నడు, నువ్వెరుగుదువు, నీతోని పనిచేసినోడే. నువ్వు ఈడికి వస్తే నాకు నిద్ర పట్టది. ఆడ ఎట్లనో అట్ల బతికుండు. ఇంట్ల అందరు రావద్దనే అంటున్నరు."

అందరూ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మా నాన్న బొంబాయి దగ్గర భివండీలో సాంచెలు నడిపిన తొమ్మిదేళ్ళూ ఉత్తరాలు మా తాత పేరునే వచ్చేవి. తాత అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. అమ్మ తలుపు వెనక నిలబడి వినేది. తాత జవాబు రాసి చివర "నీ భార్య క్షేమం" అని పెట్టేవాడు. తొమ్మిదేళ్ళలో అమ్మ ఒక్క ముక్క తనంతట తాను రాయలేదు. రాయనివ్వలేదని కాదు, రాస్తావా అని ఎవరికీ తోచలేదు. అంతా చూసి, చదువుకుని, కంప్యూటరు ముందు కూర్చుని నేను చేసిందేమిటి? అదే తలుపు మళ్ళీ కట్టాను, దానికి గుప్తలిపి తాళం కూడా వేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. మర్నాడు పొద్దున కంప్యూటరు ముందు కూర్చునేదాకా ఆ మంట తగ్గలేదు.

ఇంజన్‌కు ఒక ఫైలు ఉంటుంది. ఏ గదిలోకి ఏ వరసవాళ్ళు రావచ్చో అందులో రాసిపెట్టాలి. ఇప్పటిదాకా అందులో ఒక్క వరసే ఉంది, పెద్ద. దాని కింద "ఇల్లాలు" అని రెండోది రాశాను. ఇంటిపెద్ద గది ఇంటిపెద్దది, ఇల్లాలి గది ఇల్లాలిది, ఒకరిది ఒకరికి తెరుచుకోదు. దుబాయ్‌లో ఉన్న మనిషికి రెండూ కనబడతాయి. రాసి, ఇంజన్ ఆపి, మళ్ళీ లేపాను. ఆపితే ఆ సమయంలో లోపలున్నవాళ్ళంతా బయట పడతారన్న సంగతి ఆవేశంలో మరిచిపోయాను.

రెండు నిమిషాల్లో అమీనుద్దీన్ సార్ ఫోన్. "ఏం జేసినవ్ బేటీ? ఎంబసీకి పంపే పేర్లు ఎక్కిస్తున్న. ఇరవై పేర్లు కొట్టినంక మాయమైనయ్!"

క్షమించమని, జరిగింది చెప్పాను. రాకేశ్ రాతలు చదివానని కూడా చెప్పాను. దులిపేస్తారనుకున్నాను.

"చదువుడు తప్పు. ఇంకోసారి చదువకు" అన్నారు. ఫోన్ పెట్టబోతూ, "కొత్త లిస్టుల మా కోడలు పేరు రాసుకో. షాజియా" అన్నారు.

భాగ్య వారం తర్వాత మళ్ళీ వచ్చింది. గడువు పది రోజుల్లోకి పడింది. ఈసారి ఏమీ అడగకుండా బెంచీ మీద కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. కొత్త పాస్‌వర్డ్ ఆమెతోనే పెట్టించాను, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. గది తెరుచుకుంది. లోపల ఖాళీ.

"ఏం లేదక్కా."

"నీ గది గిప్పుడే కట్టిన. ఆయన రాసినయి మీ బావ గదిల ఉంటయి, అవి నేను తీసియ్యరాదు. నువ్వే ముందు రాయి."

రాకేశ్ ఏమడిగాడో చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అది అతను వాళ్ళన్నకు రాసిన ఉత్తరం. తాళాలు నా దగ్గరున్నాయి గానీ మాటలు నావి కావు.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తెర మీద తెలుగు అక్షరాల పలక పెట్టిచ్చాను. ఒక్కొక్క అక్షరం వెతికి, మౌసుతో దాని మీదికి పోయి, ఊపిరి బిగబట్టి నొక్కడం. రోజుకు వెయ్యి బీడీలు చకచకా చుట్టే ఆ వేళ్ళు 'క'కు గుడి ఎక్కడుందా అని పలకంతా తిరిగాయి. నేను కొడతాను చెప్పమంటే తల అడ్డంగా ఊపింది. ముప్పావు గంట రాసింది. మధ్యలో ఒకసారి తనలో తానే నవ్వుకుంది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అటు చూడకుండా హాల్‌టికెట్లు ప్రింట్ చేసుకుంటున్నాను. చివరికి "అయిందక్కా, పంపుతున్న" అంది.

పంపే బొత్తాం నొక్కింది. తెర మీద మళ్ళీ మొదటి పేజీ వచ్చింది. పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ.

పది నిమిషాలు చప్పుడు లేకపోతే మూసుకుపోయేలా పెట్టింది నేనే కదా. అక్షరాలు కొడుతున్నంతసేపూ ఆమె ఇంజన్‌తో మాట్లాడినట్టు కాదు, పంపినప్పుడే మాట్లాడినట్టు. ఆమె తన బతుకంతా ఆ పేజీ మీద పెడుతుంటే, లోపల ఇంజన్ ఎవరూ లేరనుకుని ఎప్పుడో తలుపేసుకుంది. తంటాలు పడ్డాను. వెనక్కి నొక్కాను, ముందుకు నొక్కాను. ఒక్క అక్షరం మిగల్లేదు.

"పోయింది భాగ్యా. నా తప్పే. నాదే తప్పు" అన్నాను. ఏడుపు ఆగలేదు. దుకాణంలో నలుగురు పిల్లలున్నారు, వాళ్ళ ముందే ఏడ్చాను.

ఆమె నా వంక చూసి, లేచి వచ్చి నా వీపు మీద చెయ్యేసింది. "ఊకో అక్కా. గందులో సగం తిట్లే ఉండె. ఇంట్ల ముచ్చట్లు, ఇంటెనుక ముచ్చట్లు, ఊరి ముచ్చట్లు అన్ని రాసిన. గిప్పుడు అసలు ముచ్చట ఏందో తెల్సింది. బస్సుకు ఇంక పావుగంట ఉన్నది గద."

మళ్ళీ కూర్చుంది. ఈసారి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పంపింది. పోయింది. నేను చదవలేదు. తర్వాత కూడా చదవలేదు, అమీనుద్దీన్ సార్ మీద ఒట్టు. ఆమె బస్సెక్కాక నేను చేసిన మొదటి పని, ఆ పది నిమిషాలను రెండు గంటలు చెయ్యడం. పాఠాలు చెప్పే పుస్తకాలు ఒప్పుకోవు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా భాగ్య టైపు కొట్టగా చూడలేదు.

శుక్రవారం సాయంత్రం దుబాయ్ నుంచి ఖలీల్ ఫోన్ చేశాడు.

"నవనీతక్కా, సిరిసిల్ల రాకేశ్ అచ్చిండు. వాళ్ళన్న గది తెరిచి సదివిండు, లేవబోయిండు. గప్పుడు నేను, భాయ్, ఇంకోటి గూడ ఉన్నది సూడు అన్న. సూసిండు. ప్రింట్ తీసియ్యవా అన్నడు. తీసిచ్చిన. బయట మెట్ల మీద చాలాసేపు కూసున్నడు. మల్ల లోపలికొచ్చి, ఔట్‌పాస్ లైన్ యాడ గడుతున్నరు అని అడిగిండు."

అంతకంటే నేనూ అడగలేదు. ఫోన్ పెట్టేసి, దుకాణం షట్టర్ సగం దించి కూర్చున్నాను.

దసరా పోయాక ఒక మధ్యాహ్నం కరుణాకర్ వచ్చాడు. అతణ్ణి చూడగానే కొంగు బిగించాను. నా ఇంట్లో రెండో తాళం పెట్టడానికి నువ్వెవరు అంటాడని, అంటే ఏమనాలో రెండు నెలలుగా జవాబులు తయారు చేసుకుని ఉన్నాను. నా దగ్గర చాలా ఘాటైన జవాబులుండేవి.

"తమ్ముడు అచ్చిండు మేడం. నా పాస్‌వర్డ్ తీసెయ్యిండ్రి, ఇంక నాకెందుకది" అన్నాడు.

తీసేశాను. ఎలా ఉన్నాడని అడిగాను.

"సన్నగైండు. సాంచెల దిక్కు నేను పోనిస్తలేను, మేస్త్రీ పనికి పోతుండు. రోజు మూడుసార్లు పోయి సూసస్త, ఉన్నడా అని. వాడు నవ్వుతడు." చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఖలీల్ ప్రింట్ చేసిచ్చింది. మడతల దగ్గర చిరుగులు పడుతోంది. "వాడు నా చేతిల పెట్టిండు. మీరు సదువుండ్రి."

"ఇతరుల ఉత్తరాలు నేను చదవను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే నాకే సిగ్గేసింది.

"సదువుండ్రి మేడం. గది నాకు రాసినట్టే ఉన్నది."

తీసుకున్నాను. అంత పెద్ద తెల్లకాగితం మీద రెండే ముక్కలు.

"నన్ను ఎవ్వలు అడుగలే. అడిగితే రమ్మందును."

కాగితం మడిచి ఇచ్చాను. అతను దాన్ని వెంటనే జేబులో పెట్టుకోలేదు.

"వాడు బతికుండాలని రాసిన. వేరే ఏం లేదు, వాడు బతికుండాలె అంతే. అందరు రావద్దంటున్నరని నా మనసుల భయాన్ని అందరి మీద పెట్టి రాసిన. దుబాయికి రాసుటానికి గింత దూరం అచ్చిన, మూడుసార్లు. ఆ పిల్ల ఒక్క గోడ అవుతల బీడీలు జేస్కుంట కూసున్నది మేడం. అడుగలే."

నేను ఊరుకోలేదు. నా నోరు ఊరుకోదు. "ఇప్పుడన్న అడిగిండ్రా?"

అతను తలెత్తి చూశాడు. కళ్ళు నిండి ఉన్నాయి.

"మొన్న అడిగిన. పదేండ్ల కాడికెల్లి ఒక్క ఇంట్ల ఉన్నం, ఎన్నడు ఎదురుంగ నిలవడి మాట్లాడలే. పోయి తలుపుకాడ నిలవడ్డ. ఏమడగాల్నో తెల్వలే. అన్నం తిన్నవా బిడ్డా అని అడిగిన."